సమస్యాపూరణం: వైనతేయునిఁ గన్నది వర వసిష్ఠ

నిర్వాహకుడు:
ఒకే పేరు ఊరికీ, ఏటికీ, మనిషికీ ఉండటం మన గోదావరి డెల్టాలో కొత్త కాదు. ఈసారి సమస్యను అందులోంచే తీశాం. పాదం ఇది:

వైనతేయునిఁ గన్నది వర వసిష్ఠ

తేటగీతి. విడదీస్తే వైన / తేయునిఁ / గన్నది / వరవ / సిష్ఠ. హ, భ, భ, న, హ గణాలు (గణమంటే గురు లఘువుల, అంటే బరువు, తేలిక అక్షరాల చిన్న గుంపు). యతి, అంటే పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ ఉండే మైత్రి, వై–వ. ఐకారానికి అ, ఆలతో మైత్రి ఉంది కాబట్టి సరిపోయింది. మిగిలిన మూడు పాదాలు మీరు రాయాలి. ప్రతి పాదంలో ఒక సూర్యగణం (న, హ లలో ఒకటి), రెండు ఇంద్రగణాలు (నల, నగ, సల, భ, ర, త ల నుంచి), రెండు సూర్యగణాలు రావాలి, నాలుగో గణం మొదటి అక్షరానికి యతి కుదరాలి. ప్రాస నియమం లేదు, కావాలంటే యతి బదులు ప్రాసయతి (ఆ రెండు చోట్లా రెండో అక్షరాలు కలవడం) వేసుకోవచ్చు.

చిక్కు ఎక్కడుందో చూడండి. వైనతేయుడు అంటే గరుత్మంతుడు, ఆయన తల్లి వినత. వసిష్ఠుడు ఋషి, మగవాడు. మరి వసిష్ఠ వైనతేయుణ్ణి ఎలా కన్నది? ధవళేశ్వరం దిగువన గోదావరి తూర్పున గౌతమిగా, పడమట వసిష్ఠగా చీలుతుంది. పి. గన్నవరం ప్రాంతంలో వసిష్ఠ నుంచి వైనతేయ విడిపోతుంది. వసిష్ఠ అంతర్వేది దగ్గర, వైనతేయ ఓడలరేవు దగ్గర సముద్రంలో కలుస్తాయి. ఈ సంగతి తెలిసినవారికి తాళంచెవి దొరికినట్టే. కానీ దాంతో తలుపు పూర్తిగా తెరుచుకోదు, ఎందుకో పూరణలు వచ్చాక మాట్లాడుకుందాం.

సమస్యలో ఒక్క అక్షరం కూడా మార్చకూడదు. అరసున్న రాయకపోయినా తప్పు పట్టం.

లంకతోట:
మొదటి ప్రయత్నం అండి, తప్పులుంటే చెప్పండి.

కోనసీమకు నడుమ వెళ్ళేటి పాయ
పక్షిరాజుని పేరుతో పరగుచుండ
తల్లి యెవ్వరో చెప్పుడీ ధరణియందు
వైనతేయునిఁ గన్నది వర వసిష్ఠ

ఏటిగట్టు:
లంకతోట గారూ, గణాలు నాలుగు పాదాల్లోనూ తప్పలేదు. మొదటి ప్రయత్నానికి అది చిన్న విషయం కాదు. మొదటి పాదంలో యతి పోయింది. కోన / సీమకు / నడుమవె / ళ్ళేటి / పాయ అని విడదీస్తే నాలుగో గణం ‘ళ్ళే’తో మొదలవుతోంది, కో–ళ్ళే కుదరదు. పైగా ‘వెళ్ళేటి’ వాడుక రూపం, పద్యంలో ‘వెళ్ళెడి’ అనాలి. ఓకారానికి ఉ, ఊ, ఒలతో మైత్రి ఉంది కనుక నాలుగో గణం కు, గు, కొ, గొలలో దేనితోనైనా మొదలవ్వచ్చు:

కోనసీమకు నట్టింటఁ గులుకు పాయ

మూడో పాదంలో ‘ధరణియందు’ యతి కోసం వచ్చి కూర్చుంది. ధరణి కాక మరెక్కడ? ధరణియందు, జగతిలోన, నిజము, సుమ్మి... ఇలాంటి మాటలు చేతికి సులువుగా దొరుకుతాయి, అందుకే వాటిని చివరికి అట్టిపెట్టుకోవాలి. అక్కడ ఇలా అనవచ్చు:

తల్లి యేపాయ యనువారు తలఁపవలయు

‘తలఁపవలయు’ అన్నాక సమస్యాపాదం దానంతట అదే అతుక్కుంటుంది. మీ మూడో పాదానికి, సమస్యకు మధ్య ఆ అతుకు లేదు. ముందు మూడో పాదం రాసుకుని, అది సమస్యలోకి ఎలా దిగుతుందో చూసుకుని, తర్వాత వెనక్కి వెళ్లి మొదటి రెండూ రాసుకుంటే పని తేలిక.

పంటురేవు:
వినత గరుడుని తల్లిగా వినుతి కెక్కె
గన్నవరమందుఁ బాయయై కదలిపోవు
నదికిఁ దల్లినిఁ జెప్పుము నాకు నన్న
వైనతేయునిఁ గన్నది వర వసిష్ఠ

ఓడలరేవు:
ధార బాగుంది. మొదటి పాదంలోనే వినతను తెచ్చి, రెండో పాదం నుంచి ఏటి మీదికి మళ్లించడం తెలివైన పని. ‘నాకున్ + అన్న’ సంధి కూడా సరే.

కానీ లింగం దగ్గర ఇబ్బంది వచ్చింది. నదికి తల్లి ఎవరని అడిగితే జవాబు ‘వైనతేయను గన్నది’ అని రావాలి. మన దగ్గర ఏటిని ఎవరూ ‘వైనతేయుడు’ అనరు. వైనతేయ పొంగింది అంటారు, వసిష్ఠ తీసింది అంటారు. సమస్యలో ఉన్నది ‘వైనతేయుని’. అంటే ఈ పాదంలో వసిష్ఠను నది చేయవచ్చు గాని వైనతేయుణ్ణి నది చేయలేం. నిర్వాహకులు తలుపు పూర్తిగా తెరుచుకోదన్నది దీని గురించే అనుకుంటాను.

నిర్వాహకుడు:
అదేనండి. చాలామంది ఇక్కడే జారతారు. తాళంచెవిలా కనిపించే భౌగోళికార్థం సగం వరకే పనిచేస్తుంది. పంటురేవు గారి పద్యం చదవడానికి హాయిగా ఉంది, వ్యాకరణానికి నిలబడదు. ఏట్లకు ఋషుల పేర్లున్నాయి సరే: గౌతమి, వసిష్ఠ, కౌశిక, ఆత్రేయ, భారద్వాజ... సప్తగోదావరుల జాబితా ఒక్కోచోట కాస్త మారుతుంది. వైనతేయ మాత్రం ఋషి పేరు కాదు, పక్షి పేరు. ఆ రెండు పేర్లనూ ఒకే కొలతతో కొలవకూడదు.

పూతరేకు:
పాఠ మెన్నఁడు చదువని బాలుఁ డొకఁడు
పరుగు పరుగున వ్రాసెను పత్రమందు
చదువులయ్యకు నవ్వులు చాల రాఁగ
వైనతేయునిఁ గన్నది వర వసిష్ఠ

ఏటిగట్టు:
ఛందస్సు శుభ్రంగా ఉంది. ‘పరుగున వ్రాసెను’ దగ్గర ‘వ్రా’కు ముందున్న ‘న’ గురువవుతుందేమోనని ఎవరైనా అడగవచ్చు. అవ్వదు. రెండూ వేర్వేరు తెలుగు మాటలు, సమాసం కాదు, కాబట్టి లఘువుగానే నిలుస్తుంది. అదే సంస్కృత సమాసంలో అయితే గురువు చేయాల్సిందే.

అయితే ఈ దారి నాకు నచ్చదు. తెలియనివాడు రాశాడనో, తాగినవాడు పలికాడనో చెబితే ఏ సమస్యకైనా పూరణ వచ్చేస్తుంది. ఈ మూడు పాదాలు తీసుకెళ్లి మరో వంద సమస్యల ముందు పెట్టినా సరిపోతాయి. సమస్యలోని మాటలను పట్టుకుని, వాటి లోపలి నుంచే అర్థం పుట్టించాలి.

పూతరేకు:
ఒప్పుకుంటానండి. ఇంకోటి రాస్తాను.

మాఘతీర్థం:
క్రమాలంకారంలో ప్రయత్నించాను.

వినత యెవ్వానిఁ గనెఁ దొల్లి వెతలఁ బడుచు?
నరహరి నెలకొన్న పురిని నదులలోనఁ
గడలిఁ గన్నది యెయ్యది కలసిపోవ?
వైనతేయునిఁ, గన్నది వర వసిష్ఠ

రెండు ప్రశ్నలు, రెండు జవాబులు. వినత కన్నది వైనతేయుణ్ణి. నరహరి ఉన్న పురి అంటే అంతర్వేది, అక్కడ కడలిని కన్నది వసిష్ఠ. మొదటి ‘కను’ ప్రసవించడం, రెండోది చూడటం.

ఓడలరేవు:
చాలా బాగుంది. పాదాన్ని ‘వైనతేయునిఁ’ దగ్గర విరవాలన్న ఆలోచనే ఈ పూరణకు ప్రాణం. రెండో పాదం గణవిభజన చూడండి: నరహ / రినెలకొ / న్నపురిని / నదుల / లోన. మాట మధ్యలో గణం విరిగినా నడక ఎక్కడా తట్టుకోలేదు. కొత్తవారు ఇది గమనించాలి. గణం ఎక్కడ ముగిస్తే మాట కూడా అక్కడే ముగియాలని పట్టుబడితే పద్యం ముక్కలు ముక్కలుగా వినిపిస్తుంది.

ఒక అనుమానం ఉంది. పాదం అక్కడ విరిచాక రెండో జవాబు ‘కన్నది’ అని మొదలవ్వాలి కదా, ‘గన్నది’ ఎందుకుంది?

నిర్వాహకుడు:
అర్థంలో విరుపు ఉన్నా పాదం ఒక్కటే, సంధి కూడా దాని ప్రకారమే జరుగుతుంది. ‘వైనతేయుని’ ద్వితీయా విభక్తి, ద్రుతాంతం (చివర నకారం ఉండే మాట). దాని తర్వాతి పరుషం (క, చ, ట, త, ప) సరళం (గ, జ, డ, ద, బ) అవుతుంది, క గ అయింది. క్రమాలంకారానికి దీనివల్ల దోషం లేదు. ఈ సూత్రం గుర్తుంచుకోండి, కింది పూరణకు కావాలి.

పంటురేవు:
లింగం సంగతి తెలిశాక వసిష్ఠను నదిగా కాకుండా సంబోధనగా తీసుకున్నాను. గురువుగారి ప్రశ్నకు రాముడి జవాబు:

మింటిపై నుండి నీటిలో మీనుఁ జూచు
వాఁడి చూ పెవ్వరిది యన్న వాక్యమునకు
రాఘవుఁడు పల్కె గురువుతో రమ్యముగను
వైనతేయుని కన్నది, వర వసిష్ఠ!

కన్ను + అది = కన్నది. అది గరుత్మంతుని కన్ను, ఓ వసిష్ఠా అని.

మాఘతీర్థం:
అబ్బ! ‘వర వసిష్ఠ’ను పిలుపు చేయడం ఎంత బాగుందండీ. ఇప్పటిదాకా ‘వర’ అన్న మాట గణం నింపడానికి వచ్చినట్టుండేది, శిష్యుడు గురువును పిలిచేటప్పుడు అది సహజంగా అమరింది.

ఏటిగట్టు:
మెచ్చుకోవాల్సిందే, కానీ మీరు సమస్యలో అక్షరం మార్చారు. ఇచ్చింది ‘గన్నది’, మీరు రాసింది ‘కన్నది’. ఇది అరసున్న వదిలేయడం లాంటిది కాదు. ‘వైనతేయుని కన్ను’ అన్నప్పుడు ‘వైనతేయుని’ షష్ఠి. అది ద్రుతాంతం కాదు, కళ. కళ తర్వాత క గ అవ్వదు. అంటే మీ అర్థానికి ‘క’ ఉండి తీరాలి, సమస్యకు ‘గ’ ఉండి తీరాలి. రెండింటికీ పొసగదు. ఈ ఒక్క అక్షరం కన్ను అన్న దారిని మూసేస్తోంది. సమస్య ఇచ్చినవారు తెలిసే మూశారనిపిస్తోంది.

సంబోధన మాత్రం వదలకండి. ప్రశ్న మార్చండి చాలు. కన్ను గురించి కాకుండా వినత గురించి అడిగించండి.

పంటురేవు:
ధన్యవాదాలండి. ఇలా?

కద్రువకు సర్పకులమయ్యెఁ గడుపుపంట
వినత యెవ్వానిఁ గన్నది వినుపు మనిన
రాఘవుఁడు పల్కె గురువుతో రమ్యముగను
వైనతేయునిఁ గన్నది, వర వసిష్ఠ!

ఏటిగట్టు:
ఇప్పుడు ఎక్కడా వేలు పెట్టడానికి లేదు. ‘వైనతేయునిఁ’ ద్వితీయ అయింది, ‘గన్నది’లో గ న్యాయంగా వచ్చింది, కన్న తల్లి వినత, పలికించింది వసిష్ఠుడు. సమస్యలో ఉన్న అసంగతం ఒక్క కామాతో పోయింది. రెండో పాదంలోని ‘గన్నది’ జవాబులో మళ్లీ రావడం కూడా ప్రశ్నోత్తరానికి తగినట్టే ఉంది. ‘రమ్యముగను’ కొంచెం పలచగా ఉందిగాని, దాన్ని తీయడానికి పద్యం మొత్తం కదపాల్సిన పనిలేదు.

పూతరేకు:
చెప్పిన మాట ప్రకారం రెండోది. ఇందులో వసిష్ఠ నదే, వైనతేయుడు మాత్రం గరుత్మంతుడే.

మాఘమాసానఁ దీర్థాన మాధవుండు
గరుడవాహన మెక్కెఁ, దాఁ గడలిఁ గలియు
ముందు తలయెత్తి యొకమాఱు మురిసి పొంగి
వైనతేయునిఁ గన్నది వర వసిష్ఠ

నిర్వాహకుడు:
పూతరేకు గారూ, మొదటి పూరణకూ దీనికీ ఎంత దూరం! అంతర్వేది నరసింహస్వామి కల్యాణం మాఘమాసంలో, భీష్మ ఏకాదశి ముందురోజు రాత్రి. స్వామి గరుడవాహనం మీద ఉంటే, సముద్రంలో కలవబోయే ఏరు తలెత్తి చూసిందన్నారు. వసిష్ఠ స్త్రీలింగంగా, వైనతేయుడు పుంలింగంగా, ‘కన్నది’ చూసిందన్న అర్థంలో, మూడూ చక్కగా అమరాయి. ‘పొంగి’ అన్న మాట ఏటికీ సంతోషానికీ ఒకేసారి పనికొచ్చింది. సంగమం దగ్గర పోటు మీదున్నప్పుడు నీరు పైకి లేస్తుంది కాబట్టి ‘తలయెత్తి’ వట్టి అలంకారం కాదు, కంటికి కనబడేదే.

‘కలియు ముందు’ గ్రాంథికంలో ‘కలియుటకు ముందు’ అవ్వాలని కొందరు పట్టుకోవచ్చు. నేనైతే వదిలేస్తాను.

లంకతోట:
‘తీర్థాన’ అంటే నీళ్లలోనా?

పూతరేకు:
కాదండి. మన జిల్లాల్లో తీర్థమంటే జాతర. అంతర్వేది తీర్థం, కోటిపల్లి తీర్థం అంటాం కదా, అదే. బయటివారు చదివితే అనుమానం వస్తుందేమోగాని, ఆ మాట మార్చను.

ఓడలరేవు:
ఒకే పేరున్న ఊళ్లన్నిటినీ సీసంలో పెట్టి, ఎత్తుగీతిలో (సీసం చివర వచ్చే గీతపద్యంలో) సమస్య దింపాను.

గన్నవరం బన్నఁ గాలువ దాటించు
వంతెనో, దిగివచ్చి వాలు పులుఁగొ?
భీమవరం బన్నఁ బేరు రెండూళ్లకు
గునుపూడి సోముఁడో, కోట దొరయొ?
పోలవరం బన్నఁ బొంగు కట్టెడు గట్టొ,
ముమ్మిడివరసీమ ముంగిలూరొ?
పెనుగొండ యన్నచో వెలుఁగు వాసవి యిల్లొ,
రాయల వేసవి రాజధానొ?

ఒక్క పేరున నిద్దఱు నుండు సీమ
నదికి ఋషి పేరు, వేఱొక్క నదికి ఖగము
తెలిసి చదివిన నీమాట తేటపడును
వైనతేయునిఁ గన్నది వర వసిష్ఠ

వివరం: మన పి. గన్నవరంలో వైనతేయ మీదుగా కాలువను దాటించే అక్విడెక్టు ఉంది, కృష్ణా జిల్లా గన్నవరంలో విమానాశ్రయం ఉంది. పశ్చిమగోదావరి భీమవరంలో, గునుపూడి సోమేశ్వరుడిది సోమారామం. సామర్లకోట కుమారారామం ఉన్నచోటును చాళుక్య భీమవరం అంటారు. పంచారామాల్లో రెండు, రెండు భీమవరాల్లో. పోలవరం అంటే ప్రాజెక్టు ఉన్నదొకటి, ముమ్మిడివరం పక్కన ఐ. పోలవరం మరొకటి.

ఏటిగట్టు:
సీసంలో ప్రతి పాదానికి ఆరు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు. పాదాన్ని రెండుగా విరిస్తే ప్రతి సగంలో మొదటి గణానికి మూడో గణంతో యతి కుదరాలి. ఎనిమిది చోట్లా చూశాను: గ–గా, వం–వా, భీ–బే, గు–కో, పో–బొ, ము–ముం, పె–వె, రా–రా. అన్నీ సరిపోయాయి. విమానాన్ని ‘దిగివచ్చి వాలు పులుఁగు’ అనడం వల్ల ఎత్తుగీతిలోని ఖగానికి ముందే దారి పడింది.

రెండు అభ్యంతరాలు ఉన్నాయి. నాలుగో పాదంలో వాసవీ కన్యకాపరమేశ్వరి ఊరు పెనుగొండ, రాయల ఊరు పెనుకొండ. గ, క వేరు. ఇంతసేపూ ఆ ఒక్క అక్షరం గురించే వాదించుకుని ఇక్కడ చూసీ చూడనట్టు పోతే ఎలా? రెండోది పెద్దది. ఎత్తుగీతిలో ‘నదికి ఖగము’ అనేసరికి వైనతేయుడు మళ్లీ నది అయిపోయాడు. పంటురేవు గారి మొదటి పద్యంలో వచ్చిన లింగదోషమే ఇది.

ఓడలరేవు:
రెండోది నిజం, నేను చెప్పిన దోషమే నా పద్యంలోకి వచ్చింది. ఎత్తుగీతి తిరగరాస్తాను. నాలుగో పాదం ఇలా మారిస్తే?

ఆత్రేయ యన్నచో నత్రిపుత్రుని పేరొ,
పూతరేకుల యూరొ, పుణ్యనదియొ?

మాఘతీర్థం:
ఒకే పేరుకు మూడు! మనిషి, ఊరు, ఏరు. ఊరు నిజానికి ఆత్రేయపురం, ‘పురం’ జారిపోయింది. పేరుకు మూలం ఒకటే కాబట్టి పెనుగొండ అంత తప్పు కాదిది. ఎత్తుగీతికి మూడో పాదాన్ని ప్రశ్నగా చేసి, పంటురేవు గారిలా సంబోధనలోకి దించితే సీసం మొత్తం వసిష్ఠుడికి చెప్పినట్టవుతుంది. ఋషికి తన పేరిట ఏరున్న సీమ గురించి శిష్యుడు విన్నవించడం అందంగా ఉంటుంది.

నిర్వాహకుడు:
ఎత్తుగీతి వచ్చాక సీసాన్ని మళ్లీ చూద్దాం. ఇప్పటికి నా లెక్కలో పూతరేకు గారి గరుడసేవ ముందుంది. ఏరు ఏరుగా ఉండి, గరుడుడు గరుడుడుగా ఉండి, పేర్ల తికమక దానంతట అదే విడిపోయిన పూరణ అదొక్కటే. పంటురేవు గారి సవరించిన పద్యం, మాఘతీర్థం గారి క్రమాలంకారం రెండూ దాని వెనకే. ఈ రెండింటిలో ఏది ముందో సభ్యులు చెప్పండి, కారణంతో సహా.

వచ్చేవారం సమస్య, మళ్లీ తేటగీతే:

శబరి గోదారిలోఁ బడి సాగిపోయె

శబరి / గోదారి / లోఁబడి / సాగి / పోయె. యతి శ–సా. శ, ష, సలకు పరస్పరం మైత్రి ఉంది. శబరి నది కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుందని అందరికీ తెలుసు కాబట్టి ఒక నిషేధం పెడుతున్నాం. కూనవరం, నది, ఏరు, పాయ, సంగమం అనే మాటలు పద్యంలో రాకూడదు. రామాయణంలోని శబరిని నీళ్లలో ముంచకండి, ‘కలలో’ అని తప్పించుకోకండి. ‘లోఁ బడి’ని ‘లోఁబడి’గా కలిపి చదివితే ఏమవుతుందో ఒకసారి చూడండి.